మూలనున్న గ్యాస్ బండని పొయ్యి దగ్గరికి తెద్దాం!

డ్వాక్రా అక్కచెల్లెళ్లకు పిలుపు

అక్కా, చెల్లీ!

మన ఊళ్లో ఏ ఇంటికెళ్లినా గ్యాస్ బండ ఉంటుంది. కొన్ని ఇళ్లలో దాని మీద పాత చీర ముక్క కప్పి, పైన బియ్యం డబ్బా పెట్టి ఉంటుంది. అయిపోయి మూడు నెలలు. పక్కన తడిసిన తుమ్మకట్టెలు, ఊదుగొట్టం. ఊది ఊది కళ్లు ఎర్రబడతాయి, చంకలో పిల్ల దగ్గుతూనే ఉంటుంది. ఇళ్లలో నిండే ఇలాంటి పొగకి 2020 ఒక్క ఏడాదే ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

1999లో దీపం పథకం వచ్చినప్పుడు కనెక్షన్లు డ్వాక్రా ఆడవాళ్లకే ఇచ్చారు. 2016లో వచ్చిన ఉజ్వలలోనూ కనెక్షన్ ఆడమనిషి పేరునే. పుస్తకం మీద పేరు మనది. బండ తెప్పించాలా వద్దా అన్న మాట మాత్రం ఇంకా మగవాళ్లదే. "కట్టెలు ఊరికే వస్తున్నాయిగా" అంటారు. ఊరికే ఎక్కడొస్తున్నాయి? పొద్దున్నే చేనుగట్ల వెంట మన నడక, నెత్తిన మోసిన మోపు ఎవరైనా లెక్కగట్టారా?

దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితం, నాలుగు నెలలకొకటి. ఒక్కటీ వదులుకోవద్దు. ఆ మూడూ ఏడాదంతా వంటకి సరిపోవు. నాలుగోది తెప్పించే రోజున చేతిలో డబ్బుండదు, అసలు చిక్కు అక్కడే. సంఘంలో గేదెకి అప్పిస్తాం, పెళ్లికి అప్పిస్తాం. బండకెందుకివ్వం? పొదుపులోంచి చిన్న అప్పు, రెండు మూడు వాయిదాల్లో తీర్చేలా, వచ్చే సమావేశంలోనే తీర్మానం రాయిద్దాం. 1992లో సారా దుకాణాలు మూయించిన నెల్లూరు జిల్లా ఆడవాళ్లే ఆ తర్వాత రోజుకో రూపాయి దాచి పొదుపు ఉద్యమం నడిపారు. మనం అడుగుతున్నది అంతకన్నా పెద్ద పనేం కాదు.

బండ రాగానే తూకం వేయించండి. దాని మీద రాసిన ఖాళీ బరువుకి 14.2 కిలోలు కలిపినంత తూగాలి. రశీదు అడిగి తీసుకోండి, అందులో ఉన్నంతే ఇవ్వండి. గ్యాస్ లీకైతే 1906కి ఫోన్ చేయండి. బర్నర్ శుభ్రం చేయడం, ట్యూబు మార్చడం తెలిసిన అక్క వీధికొకరుండాలి. నేర్చుకుంటామనేవాళ్లు ముందే పేరివ్వండి.

సమావేశానికి గ్యాస్ పుస్తకం, పొదుపు పుస్తకం రెండూ తెచ్చుకోండి. అత్తగారినీ వెంటబెట్టుకు రండి. ఆ పొగలో మనకన్నా ఎక్కువేళ్లు కూర్చున్నది ఆవిడే.

ఇట్లు,
మీ గ్రామ సంఘం సభ్యులు