రెండు పక్షాలా మనవారే

గత నెల ఉర్దూ పాఠంలో ఆసఫ్‌జాహీల ప్రస్తావన వచ్చింది. 1724లో షకర్ ఖేడా యుద్ధంలో నిజాముల్ ముల్క్ గెలిచాడని, దానితో దక్కను ఢిల్లీ చేతినుండి జారిపోయిందని చెప్పి పుస్తకం మూయబోతుండగా వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచాడు. "హజ్రత్, ఆ యుద్ధంలో మనవాళ్లు ఎవరు?"

పదేళ్ల పిల్లవాడి ప్రశ్న. మాకు వెంటనే సమాధానం తోచలేదు. అటూ ఇటూ నాయకులు కలిమా చదివినవారే, ఒకే పాదుషా పేర ఖుత్బా చదివించినవారే. ఆ సమాధానమే ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఔరంగజేబు 1707లో కన్నుమూశాక ఢిల్లీ దర్బారు కుట్రల కొలిమిగా మారింది. 1722లో వజీరు పదవి చేపట్టిన నిజాముల్ ముల్క్ మీర్ ఖమరుద్దీన్ ఖాన్ దర్బారును చక్కదిద్దాలని చూశాడు. యువ పాదుషా ముహమ్మద్ షాకు ఆ క్రమశిక్షణ రుచించలేదు. ఏడాదిన్నర దాటేసరికి నిజాముల్ ముల్క్ విసిగి, గాలిమార్పు, వేట అనే నెపంతో రాజధాని విడిచి, దక్కను దారి పట్టాడు. అప్పటికి హైదరాబాదు సుబాను దాదాపు పన్నెండేళ్లుగా ఏలుతున్నవాడు ముబారిజ్ ఖాన్. పరిపాలనలో సమర్థుడు, ఒకప్పుడు నిజాముల్ ముల్క్ పక్షమే వహించినవాడు. దక్కను ఆరు సుబాల అధికారం నీదేనని ఆశపెట్టి, పాదుషా ఆయనను రహస్యంగా ఉసిగొల్పాడు.

నిజాముల్ ముల్క్ ముబారిజ్ ఖాన్‌కు లేఖలు వ్రాశాడు. ముస్లిముల రక్తం వృథాగా చిందించవద్దని కోరాడు. ఫలితం లేకపోయింది. హిజ్రీ 1137 ముహర్రం నెలలో, అనగా 1724 అక్టోబరు 11న, బీరారులోని షకర్ ఖేడా వద్ద ఇరుసేనలూ తలపడ్డాయి. అది నేటి మహారాష్ట్రలోని బుల్‌ఢాణా జిల్లా. ముహర్రం పవిత్ర మాసాలలో ఒకటన్న సంగతి ఆనాడు ఇరువురికీ తెలియనిది కాదు. ముబారిజ్ ఖాన్, ఆయన కుమారులలో ఇద్దరు రణరంగంలోనే మరణించారు. నిజాముల్ ముల్క్ పక్షాన పీష్వా బాజీరావు సేన నిలిచింది. నాలుగేళ్లలో అదే బాజీరావు పాల్ఖేడ్ వద్ద ఆయననే ఓడించాడు. ఈ సంగతులు తెలిసినవారు ఇది మతాల పోరు అని ఎన్నటికీ అనలేరు.

గెలిచినవాడు ఆ ఊరికి ఫతే ఖేడా అని పేరు పెట్టాడు. తిరుగుబాటుదారుణ్ణి అణచివేశామంటూ అభినందనలు తెలుపుతూ ముబారిజ్ ఖాన్ శిరస్సును ఢిల్లీకి పంపాడు. ఉసిగొల్పినది ఎవరో పంపినవాడికి తెలుసు, అందుకొన్నవాడికీ తెలుసు. మరుసటి ఏడాది పాదుషా ఆయనకే దక్కను అధికారాన్ని ఖాయపరచి, 'ఆసఫ్ జా' బిరుదునూ ఇచ్చాడు. నిజాముల్ ముల్క్‌ను మేము గౌరవిస్తాము. కాని ఆ శిరస్సు సంగతి చదివిన ప్రతిసారీ మా మనస్సు చివుక్కుమంటుంది. స్వాతంత్ర్యం వచ్చింది, దాన్ని ఎవరూ పైకి ప్రకటించలేదు. హైదరాబాదు నాణేలపై ఢిల్లీ పాదుషాల పేరు 1857 తిరుగుబాటు దాకా కొనసాగింది.

ఇద్దరు ముస్లిములు కత్తులు దూసి ఎదురెదురైతే చంపినవాడే కాదు, చచ్చినవాడూ నరకాగ్నికి గురి అవుతాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. చచ్చినవాడు చేసిన నేరమేమిటని సహచరులు అడిగితే, అతడూ ఎదుటివాణ్ణి చంపాలనే ఆరాటపడ్డాడని సెలవిచ్చారు. పిల్లలకు ఈ హదీసు చెప్పాము. అయితే మూడువందల ఏళ్ల క్రితం గతించిన ఫలానావారి మీద దీన్ని తీర్పుగా ప్రయోగించే అధికారం మనకు లేదనీ చెప్పాము. అంతరంగాలు అల్లాహ్‌కే ఎరుక.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది సూరె హుజురాత్‌లోని తొమ్మిదవ ఆయత్. విశ్వాసులలో రెండు వర్గాలు పోరాడుకుంటే వారి మధ్య సంధి చేయండన్న ఆజ్ఞ అక్కడ ఉంది. ఆ ఆజ్ఞ పోరాడుతున్న ఇద్దరికీ కాదు, చూస్తున్న మూడవవాడికి. షకర్ ఖేడాకు సంబంధించి ఆ మూడవ స్థానం పాదుషాది. సంధి చేయవలసినవాడే చాటుగా లేఖలు వ్రాశాడు. మన ఆత్మకూరు, ఉదయగిరి పల్లెలలో అన్నదమ్ముల పొలం పంపకాలలో ఈ మూడవవాణ్ణి మేము ఎన్నోసార్లు చూశాము. పగలు పంచాయితీలో పెద్దరికం వహిస్తాడు, ఇషా తర్వాత ఒకరి ఇంటికి వెళ్లి 'నువ్వు తగ్గకు' అని చెప్పి వస్తాడు. గట్టు దగ్గర గొడవపడినవారి మీద కేసులు నడుస్తాయి. ఈయన మాత్రం మొదటి సఫ్‌లోనే నిలుస్తాడు.

1748లో మరణానికి ముందు నిజాముల్ ముల్క్ ఒక వసియ్యత్ చెప్పి వ్రాయించాడు. ఈ నేల జమీందారులైన మరాఠాలతో సంధిగా ఉండాలని, యుద్ధానికి తానై ముందడుగు వేయరాదని, మనిషి ప్రాణం తీసే విషయంలో తొందరపడక నేరస్థుణ్ణి ఖాజీకి అప్పగించాలని అందులో ఉంది. షకర్ ఖేడాను చూసినవాడు చెప్పిన మాటలు గనుక వాటికి బరువు ఎక్కువ. వారసులు ఆలకించలేదు. కుమారుడు నాసిర్ జంగ్ 1750లో, మనుమడు ముజఫ్ఫర్ జంగ్ 1751లో హతులయ్యారు. మనుమడు కూలింది మన పొరుగున, కడప సీమలోని రాయచోటి ప్రాంతంలో. ఇద్దరి ప్రాణాలు తీసినవారూ వారి వెంట నడిచిన నవాబులే. ఆ కలహాల సందులోనే ఫ్రెంచివారు, ఆంగ్లేయులు చొరబడ్డారు. దక్కను సుబేదారుకు లోబడిన ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండిన మన నెల్లూరు సీమ 1801లో కంపెనీ వశమైంది.

ఇదంతా విని ఆ పిల్లవాడు మళ్లీ లేచాడు. "ముబారిజ్ ఖాన్‌కు ఇంకా కొడుకులు ఉన్నారా హజ్రత్? వాళ్లను కూడా చంపేశారా?"

ఉన్నారు. ఖ్వాజా అహ్మద్ ఖాన్ అనే కుమారుడు గోల్కొండ కోటలో తలుపులు బిగించుకొని కూర్చున్నాడు. నిజాముల్ ముల్క్ ఈసారి ఫిరంగులతో కాక రాయబారంతో పని జరిపించాడు. జాగీరిచ్చి, మర్యాద చేసి కోట తాళాలు తీసుకొన్నాడు. అది విని పిల్లవాడు కూర్చున్నాడు. అసర్ అజాన్ వినిపించడంతో పుస్తకాలు మూశాము.