శుభం కార్డు పడ్డాక...

"సెలీనా గోమెజ్‌కి కొత్త కిడ్నీ పెట్టారు కదా, దానికీ పాత జబ్బు వస్తుందంటారేమిటి? పుకారేనా?" అని ఓ పాఠకురాలు నిలదీసింది.

పుకారు కాదమ్మాయ్! తప్పు మన సినిమాలది. స్నేహితుడు కిడ్నీ ఇస్తాడు, ఆపరేషన్ థియేటర్ ముందు ఎర్రదీపం ఆరుతుంది, డాక్టరుగారు కళ్లజోడు తీసి నవ్వుతారు, శుభం! అసలు కథ ఆ తర్వాతే మొదలు.

సెలీనాది లూపస్. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు. అది ఆమె కిడ్నీలను దెబ్బతీసింది. 2017లో స్నేహితురాలు, నటి ఫ్రాన్సియా రైసా తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఇద్దరూ పక్కపక్క మంచాల మీద చేతులు పట్టుకున్న ఫొటో గుర్తుందిగా! ఆ కిడ్నీకి సెలీనా 'ఫ్రెడ్' అని పేరు కూడా పెట్టుకుంది. ఫ్రెడ్ ఆర్మిసన్ అనే కమెడియన్ పేరది. (మనవాళ్లెవరైనా అల్లు రామలింగయ్యగారి పేరు పెట్టుకుంటారేమో చూడాలి!)

బాగానే ఉంది. కానీ మారింది కిడ్నీ ఒక్కటే. తిరగబడ్డ కాపలాదారు లోపలే ఉన్నాడు.

ఇక్కడే ఓ మెలిక. పరాయి కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్, మైకోఫినోలేట్ లాంటి మందులు లూపస్‌నీ అణుస్తాయి. ఒకే దెబ్బకు రెండు పిట్టలు! అందుకే లూపస్ కొత్త కిడ్నీని పాడుచేయడం అరుదు. మూడు నుంచి ఐదు శాతమే అవకాశమని 2017లో సెలీనాయే టీవీలో చెప్పింది. మాత్రలు మానేస్తే మాత్రం ఆ లెక్క చెల్లదు.

అన్ని జబ్బులూ ఇంత మర్యాదగా ఉండవు. ఎఫ్.ఎస్.జి.ఎస్. అనే జబ్బున్న కొందరిలో కొత్త కిడ్నీ పెట్టిన గంటల్లోనో, రోజుల్లోనో మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలవుతుంది. ఐజీఏ నెఫ్రోపతీ చడీచప్పుడు లేకుండా ఏళ్ల తర్వాత వస్తుంది. నొప్పి ఉండదు, మూత్రం నురగ కడితే కట్టొచ్చు. అందుకే ఒంట్లో బాగున్నా మూత్రపరీక్ష, క్రియాటినిన్ పరీక్ష తప్పవు. ఒళ్లు కిడ్నీని తోసేస్తోందా, పాత జబ్బే తిరగబెట్టిందా? సూదితో చిన్న ముక్క తీసి చూస్తేగానీ తరచు తేలదు.

2022లో వచ్చిన డాక్యుమెంటరీలో సెలీనా కీళ్లనొప్పులు తిరగబెట్టి కన్నీళ్లు పెట్టుకుంటుంది. అది ఫ్రెడ్ తప్పు కాదు, లూపస్ పని.

ఫ్రాన్సియా ఎలా ఉందనీ అడిగావు. ఒక్క కిడ్నీతోనే 2022, 2023లలో 'హౌ ఐ మెట్ యువర్ ఫాదర్' సీరియల్‌లో నటించింది.