హలాల్ క్రూయిజ్ సరే, జజీరా ఎవరిది?



మొన్న జుమా నమాజ్ చదివి అఫ్జల్‌గంజ్ మసీదు నుంచి బయటికొస్తుంటే ఒక పిల్లగాడు చేతిలో రంగుల కాగితం పెట్టాడు. నీలి సముద్రం, తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, వెనక అంతస్తుల మీద అంతస్తుల ఓడ. పైన పెద్ద అక్షరాల్లో లక్షద్వీప్ క్రూయిజ్. కింద, మనకోసమే అన్నట్టు: హలాల్ ఖానా, ఫ్యామిలీ క్యాబిన్, నమాజ్‌కు జాగా, సులభ కిస్తీలు. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చేసరికి అదే కాగితం మా బాజీ ఫోన్‌లో ఉంది. దామాద్ పంపాడట.

"రంజాన్ అయినంక అందరం పోదాం, నువ్వు కూడా రారా" అంది.

"పైసలు?"

కొంచెం ఆగింది. "ఉమ్రాకు దాచినవి ఉన్నయి గద. ఉమ్రా వచ్చే ఏడు చేస్తం."

బాజీతో నేను జగడం పెట్టుకోలేదు. జిందగీ అంతా వంటింట్లో, ఆస్పత్రి లైన్లలో, పిల్లల ఫీజుల లెక్కల్లో గడిపిన మనిషి. సముద్రం చూడాలన్న ఆమె తమన్నాను తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా గుస్సా ఆ కాగితం మీద, దాని మీద రాసిన 'హలాల్' అనే లఫ్జ్ మీద.

హలాల్ అంటే కోడి మెడ మీద కత్తి ఎలా ఆడిందన్న ఒక్క లెక్కేనా? ఇలాంటి ఓడలకు టికెట్ ఒక్కటే ఆమ్దానీ కాదు. ఎక్కించుకున్నాక బార్‌లో, క్యాసినోలో, దుకాణాల్లో మన జేబు ఖాళీ చేయించడం ఆ కారోబార్‌లో సగం. మనం బార్ వైపు చూడకపోవచ్చు. కానీ ఓడ నడిచేది ఆ పైసల మీద కూడా. 2022 జూన్‌లో కార్డీలియా ఓడ చెన్నై, విశాఖల మధ్య తిరిగినప్పుడు పుదుచ్చేరిలో హంగామా అయింది. జూదం ఉన్న ఓడను మా ఒడ్డుకు రానివ్వొద్దని పార్టీలు గొడవ చేస్తే దాన్ని అక్కడ ఆగనివ్వలేదు. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ తమిళిసై, అప్పుడు మన తెలంగాణకూ ఆమే గవర్నర్. పుదుచ్చేరిలో గల్లీకొక షరాబ్ దుకాణం ఉంది. అయినా ఆ ఊరివాళ్లకు 'నక్కో' అనే తాకత్ ఉంది, ఎందుకంటే వాళ్లకు అసెంబ్లీ ఉంది. లక్షద్వీప్‌కు అది లేదు. ఒక్క ఎంపీ, ఢిల్లీ నుంచి దిగే ఒక అడ్మినిస్ట్రేటర్, అంతే.

ఆ జజీరాల గురించి మనకు తెలిసింది ఎంత? మొత్తం 36 దీవులు, మనుషులు ఉండేది పదింట్లో. నేలంతా కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో జనాభా 64,473, అందులో నూటికి 96 మంది ముసల్మానులు. అందరూ కాదుగానీ దాదాపు అందరూ షెడ్యూల్డ్ తెగల కింద వస్తారు. ఆంద్రోత్‌లో ఉబైదుల్లా బాబా మజార్ ఉంది, దీన్ ఆయనతోనే వచ్చిందని వాళ్ల రివాయత్. మలబారు మాప్పిళ్లల మాదిరే అక్కడ ఖాందాన్ తల్లి వైపు నుంచి నడుస్తుంది, జాయదాద్ తల్లి నుంచి బేటీలకు పోతుంది. (మా బాజీకి ఈ మాట చెబితే "అయితే అక్కడ్నే ఉండిపోత" అంది.) మందు మీద అక్కడ బందీ ఉంది. బంగారం దీవి ఒక్కటే దానికి మినహాయింపు, అదీ టూరిస్టుల కోసం.

ఇక నీళ్లు. ఆ దీవుల కింద మీఠా పానీ ఒక పలచని పొరలా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఎక్కువ తోడితే సముద్రం లోపలికొస్తుంది. చుట్టూ ఉన్న పగడపు దిబ్బ లేకపోతే అలలు ఇసుకను తినేస్తాయి. ఆ పగడం 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో సముద్రం వేడెక్కి తెల్లబడింది. అంత నాజూకు చోటికి వేల మందిని మోసే ఓడను తెచ్చి నిలబెట్టి, చిన్న పడవల్లో మందలుగా దింపి, సాయంత్రానికి ఎక్కించుకుపోవడాన్ని సైర్ అంటున్నాం.

2021 గుర్తుందా? ప్రఫుల్ ఖోడా పటేల్ అడ్మినిస్ట్రేటర్‌గా వచ్చాక ఒకదాని వెనక ఒకటి ముసాయిదాలు దిగాయి. అభివృద్ధి పేరుతో ఎవరి జమీన్ అయినా తీసుకునే ఖానూన్, నేరాలే అరుదైన చోట గూండా యాక్ట్, గొడ్డు మాంసంపై బందీ, బడిపిల్లల భోజనంలోంచి మాంసం తీసేయడం. ఒడ్డున జాలర్లు వలలు పెట్టుకునే పాకలు కూలగొట్టారు. ఇంకోపక్క టూరిజం కోసం మందుకు దర్వాజా తెరిచే మాట. జూన్ 7న ఆ జజీరా జనం కరోనా బందోబస్తులో బయటికి రాలేక తమ ఇళ్లలోనే 12 గంటలు ఆకలితో కూర్చున్నారు. అడ్మినిస్ట్రేటర్‌ను వెనక్కి పిలవమని కేరళ అసెంబ్లీ తీర్మానం చేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కార్డీలియా ముంబై నుంచి తిరగడం మొదలుపెట్టింది, దాని దారుల్లో లక్షద్వీప్ ఒకటి. వాళ్లు ఇళ్లలో భూకే కూర్చున్న రోజు మన గల్లీల్లో ఎంతమందికి ఆ ఖబర్ తెలుసు? కనీసం ఒక దువా? ఇప్పుడు మాత్రం బఫే ప్లేటు పట్టుకుని వాళ్ల ఒడ్డున ఫొటో దిగడానికి తయారు.

2024 జనవరిలో ప్రధాని అక్కడ నీళ్లలో దిగిన ఫొటోల తర్వాత మాల్దీవులతో రచ్చ లేచింది, మాల్దీవుల బుకింగ్‌లు ఆపేస్తున్నామని ఒక పెద్ద టికెట్ల కంపెనీ ప్రకటించింది. రాత్రికి రాత్రి లక్షద్వీప్ పోవడం దేశభక్తి అయిపోయింది. ఆ దేశభక్తిలో ఆ దేశస్థులు ఎక్కడున్నారో ఎవరూ అడగలేదు.

అన్నిటికన్నా నాకు నొప్పి కలిగించేది వాళ్ల ఓడల మాట. పెద్ద జబ్బు చేస్తే, పెద్ద చదువు కావాలంటే వాళ్లకు కొచ్చియే దిక్కు. సముద్రంలో వందల కిలోమీటర్లు. వాళ్లు ఎక్కే సర్కారీ ఓడలు తగ్గిపోయి, టికెట్ల కోసం రోజుల తరబడి పడిగాపులు కాస్తున్నామని వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అఫ్జల్‌గంజ్‌వాళ్లకు ఇది సమజ్ కాకపోతే ఇంకెవరికి అవుతుంది? ఉస్మానియా దవాఖానా గేటు ముందు రోజూ చూస్తాం. పాలమూరు నుంచి, నల్గొండ నుంచి బస్సు దిగి, చాదర్ పరుచుకుని, ఎక్స్‌రే కవర్ తల కింద పెట్టుకుని పడుకున్న వాళ్లను. రేపు ఆ బస్సులు తగ్గించేసి, చార్మినార్ చూడ్డానికొచ్చే వాళ్లకు ఏసీ బస్సులు పెంచితే మనం ఊరుకుంటామా?

"వాళ్లకూ రోజ్‌గార్ దొరుకుతది గద" అంటాడు మా దామాద్. నిజమే, కొంత దొరుకుతుంది. పడవ నడిపేవాడికి, కొబ్బరిబోండాం కొట్టేవాడికి నాలుగు రూపాయలు వస్తాయి, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ తినేదీ పడుకునేదీ ఖర్చుపెట్టేదీ ఓడలోనే అయినప్పుడు ఒడ్డుకు చేరేది చిల్లర. గాలానికి ఒక్కొక్క చేపనే పట్టే వాళ్ల ట్యూనా వేటకు మంచి ధర ఇప్పిస్తే వచ్చే రోజ్‌గార్ గురించి ఏ కాగితంలోనూ ఉండదు.

ఇంకో మాట కూడా వింటున్నాను. "అందరూ షాన్‌గా తిరుగుతుంటే ముసల్మాను ఒక్కడికే ఎందుకీ సవాళ్లు?" అని. అందరినీ అడగాల్సిందే. నేను మాత్రం నా ఇంటి నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కాగితం మన మసీదు ముందు పంచారు, మన లఫ్జ్ వాడుకుని పంచారు. మన ఖాందాన్లలో ఒకప్పుడు ఓడ అంటే హజ్. మా దాదా బొంబాయిలో ఓడ ఎక్కి జిద్దా పోయి, నెలల తర్వాత జమ్‌జమ్ డబ్బాతో తిరిగొచ్చాడు. 1995లో ఆ ఓడలు ఆగిపోయాయి, ఇప్పుడంతా నాంపల్లి హజ్ హౌస్ నుంచి విమానం దారే. ఆ ఓడల్లో రద్దీ, వాంతులు, ఉక్కపోత అని దాదా చెప్పేవాడు. షాన్ లేదు. కానీ దిగిన చోట ఆయన ఎవరి నీళ్లనూ చులకనగా చూడలేదు.

నిన్న రాత్రి ఇవన్నీ బాజీకి చెప్పాను. ఓపిగ్గా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది: "అయితే నాకు సమందర్ ఎప్పుడు చూపిస్తవ్?"

నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. ఈద్ తర్వాతి వారానికి ఆరు టికెట్లు చూస్తున్నాను. ఉమ్రా పైసలు బాజీ డబ్బాలోనే ఉన్నాయి.