తెగిన తీగె చెప్పిన పాఠం

పిల్లలూ! ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన వాణ్ణి నేను. పోయిన నెలలో ఒక జానెడు ఇనుప తీగె నాకే పాఠం చెప్పింది. అంతకు ముందే మా మనుమరాలు చెప్పింది గాని, నేను వినలేదు.

ఒక ఆదివారం మా తమ్ముడి కొడుకు తన మోటారు సైకిలు కడుగుతున్నాడు. నీళ్ళు పోస్తున్న మనుమరాలు, ఎడమచేతి లివరు దగ్గర చెయ్యి పెట్టి, "తాతయ్యా! ఈ తీగెకు వెంట్రుకలాంటిది లేచింది, చూడు. వేలికి గుచ్చుకున్నది," అన్నది. అది క్లచ్చి వైరు. నేను కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, "ఒక్క పోగేగా, ఏమీ కాదులే," అన్నాను.

పది రోజుల తరవాత ఒక పెళ్ళికని ఇద్దరమూ చీరాల బయలుదేరాము. దారిలో రైలు గేటు వేసి ఉన్నది. మా ముందు ఒక పాలవాడు సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. రైలు వెళ్ళింది. గేటు లేస్తున్నది గదా అని మావాడు లివరు నొక్కిపట్టి, మొదటి గేరు వేశాడు. అంతలో టక్కుమని శబ్దం! లివరు పట్టు తప్పి వదులైపోయింది. బండి ఒక్క గెంతు గెంతి, సైకిలును గుద్ది ఆగిపోయింది. పాలన్నీ నేలపాలయినై. ఆ మనిషి పక్కకు తూలి నిలదొక్కుకున్నాడు గనక సరిపోయింది; లేకపోతే ఏమయ్యేదో!

బండి ఎందుకు గెంతింది? ఇంజను తిరుగుతూ ఉండగా చక్రం ఆగాలంటే రెంటినీ విడదీయాలి. ఆ పని చేసేది క్లచ్చి. దానిలో కొన్ని బిళ్ళలను స్ప్రింగులు అదిమిపెట్టి ఉంచుతాయి. లివరు నొక్కితే వైరు లాగబడి, బిళ్ళల మీద అదుము తగ్గుతుంది. వైరు తెగిందా, స్ప్రింగులు బిళ్ళలను మళ్ళీ అదుముతాయి. గేరులో ఉన్న బండిని ఇంజను ముందుకు లాగుతుంది.

పాలవాడికి క్షమాపణ చెప్పి, పాల ఖరీదు ఇచ్చాము. "పెదనాన్నా! తోసి గేరు వేస్తే క్లచ్చి లేకుండానే పోవచ్చు," అన్నాడు మావాడు. పోవచ్చు, నిజమే. కాని జనంలో ఎవరైనా అడ్డం వస్తే? అందుచేత గేరు తప్పించి, రోడ్డు వారగా ఎండలో రెండు కిలోమీటర్లు బండిని నడిపించుకుపోయాము. పెళ్ళికి చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయినై!

మెకానిక్కు తెగిన కొసను నా చేతిలో పెట్టి, "మాస్టారూ! ఇది ఇవాళ తెగింది కాదు. నల్లబడిన కొసలు ఏనాడో తెగినై. మెరిసేవే ఇవాళ్టివి," అన్నాడు. ఇంటికి తెచ్చి మనుమరాలికి భూతద్దం ఇచ్చాను. మొత్తం 19 పోగులు. నల్లనివి 15, మెరిసేవి నాలుగే! అంటే, 19 పోగులు మొయ్యవలసిన బరువును చివరకు నాలుగే మోస్తూ వచ్చినై. ఒక్కొక్కదాని మీద దాదాపు అయిదు రెట్లు బరువు పడిందన్నమాట! ఒక పోగు తెగితే మిగతావాటి పని పెరుగుతుంది. అందుకే మొదటిది తెగటానికి చాలాకాలం పట్టినా, చివరివి త్వరగా తెగుతాయి.

లివరు నొక్కినప్పుడల్లా వైరు అదే చోట వంగుతుంది. ఒకసారి వంగితే ఏమీ కాదు. వేలసార్లు వంగితే సన్నని బీట పుట్టి పెరుగుతుంది. దీన్ని లోహపు అలసట అంటారు. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయి నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజను ఇరుసు ఇలాగే విరిగి, 50 మందికి పైగా చనిపోయారు. తరవాత వ్యోలర్ అనే జర్మను రైల్వే ఇంజనీరు ఇరుసులను ఏళ్ళతరబడి పరీక్షించి, ఒక్కసారికి విరగని బరువైనా మళ్ళీ మళ్ళీ పడితే లోహం విరగవచ్చని రుజువు చేశాడు.

మీరూ చేసి చూడండి. ఒక జెమ్‌క్లిప్పును తిన్నగా చేసి, ఒకేచోట అటూ ఇటూ వంచండి. ఎన్నిసార్లకు విరిగిందో లెక్కపెట్టండి. ఇంకొకదాన్ని కొంచెం కొంచెమే వంచి చూడండి. ఏది ఎక్కువసార్లు ఓర్చుకున్నది? కంటికి దూరంగా పట్టుకోవటం మరవకండి.

పెద్దలకు రెండు మాటలు. గేటు దగ్గర ఆగినప్పుడు బండిని న్యూట్రల్‌లో ఉంచండి. పెట్టెలో ఒక కొత్త వైరు వేసుకోండి.

ఆ సాయంత్రం మనుమరాలితో, "నువ్వు చెప్పిందే నిజమమ్మా. వినకపోవటం నాదే తప్పు," అన్నాను. అది నవ్వి, నా కళ్ళజోడు తెచ్చి చేతిలో పెట్టి, "అయితే రా తాతయ్యా, బ్రేకు వైరు కూడా చూద్దాం," అన్నది.

ఈసారి వెంటనే లేచాను.