జీతం నాది, చాకిరీ ఎవరికో

15 వేలు పోసి కొన్నాను. రోజూ నా ఇంటి కరెంటు తాగుతుంది, నెలనెలా నా రీచార్జి తింటుంది. చాకిరీ మాత్రం ఎవరికో చేస్తుంది. ఇలాంటి జీతగాణ్ణి మా తాతయితే ఆ పూటే గడప దాటించేవాడు. నేను దిండు పక్కన పడుకోబెట్టుకుంటున్నాను.

పడుకుంటుందా అది? 2021లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆచార్యుడు డగ్లస్ లీత్ కొలిచి చూశాడు. ఎవరూ ముట్టుకోని ఆండ్రాయిడ్ ఫోనూ, ఐఫోనూ సగటున 4.5 నిమిషాలకోసారి గూగుల్‌కో ఆపిల్‌కో కబురు పంపుతూనే ఉన్నాయి.

టార్చిలైటు కథ వినండి. చీకట్లో దారి చూపడం తప్ప దానికి వేరే పనేముంది? 'బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్' అనే యాప్ మాత్రం మనిషి ఎక్కడున్నాడో ఫోను గుర్తింపుతో సహా ప్రకటనల కంపెనీలకు మోసేది. షరతులకు ఒప్పుకుంటారా అని అడుగుతూనే, జవాబు వినకముందే పంపేసేది! 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని పట్టుకుంది. వెలుగు మనకి, మన జాడ వాళ్లకి.

అమెరికా గొడవ మనకెందుకంటారా? 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు దాడి చేసిన లోన్ యాప్‌లు గుర్తున్నాయా? కాంటాక్టులు అప్పగిస్తేనే అప్పు. వాయిదా తప్పితే అత్తగారికి, మేనేజరుకి, ఎప్పుడో కలిసి చదువుకున్న స్నేహితురాలికి ఫోన్లు. ఆ అవమానం మోయలేక ప్రాణాలు తీసుకున్నారు కొందరు. అప్పుల యాప్‌లు కాంటాక్టులూ ఫొటోలూ ముట్టుకోకూడదని గూగుల్ కట్టడి చేసింది 2023లో. అన్నాళ్లూ తలుపు బార్లా తీసి పెట్టిందెవరు?

"మీరే కదా ఒప్పుకున్నామని నొక్కారు" అంటారు. రాని భాషలో బారెడు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్న వడ్డీ షావుకారూ ఆ మాటే అనేవాడు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం మన ఒప్పుకోలు అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులోనూ. గట్టిగా అడగండి. (అదే చట్టం ప్రభుత్వ సంస్థలు తప్పించుకోవడానికి దొడ్డిదారీ ఉంచింది. ఆ తగువు ఇంకోసారి.)

ఫోన్ని గోదాట్లో పారేయమనను. తప్పు వినే చెవిది కాదు, చాడీలు మోసే నోటిది. బీరువాలో చీరల కింద పడున్న పాత ఫోను బయటికి తీయండి. బ్యాటరీ ఉబ్బిందా, దాని జోలికి పోకండి. లేదంటే అంతా తుడిచేసి, సిమ్ పీకేసి, కావలసిన యాప్ ఒక్కటి ఎక్కించాక వైఫై ఆపేయండి. ఇప్పుడది మీ జీతగాడు. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం 'ఫైఫాక్స్' అనే ఉచిత యాప్ చేసింది. మీ అడుగులు లెక్కపెట్టిన సెన్సారే దాంతో గురుత్వ త్వరణం కొలిచి పెడుతుంది. ల్యాబు గదికి ఏడాదంతా తాళం వేసి ఉంచే హైస్కూలుకి పది పాత ఫోన్లు ఇచ్చి చూడండి! టోఫర్ వైట్ అనే ఆయన ఇండోనేసియా అడవిలో చెట్ల మీద పాత ఫోన్లు కట్టాడు. రంపం మోత వినపడగానే అవి కాపలాదార్లకు చెప్పేవి. అక్కడా చాడీలే, కాకపోతే దొంగ మీద.

మా పాత ఫోను అమ్మమ్మ దంపుళ్ల పాటలు రికార్డు చేస్తోంది. మొదటిరోజు అమ్మమ్మ దాన్ని అనుమానంగా చూసింది. "ఇది ఇంకెవరికైనా వినిపిస్తుందట్రా?"

"లేదమ్మమ్మా, దీని నోరు కట్టేశాను."

అప్పుడు మొదలుపెట్టింది, అత్తగారిని తిట్టే పాట.