వార్డెను సంతకం పెడితే అయిపోయినట్టేనా?

"వాక్సిన్ మంచిదే కదా బాస్, మరి ఇంత గోలెందుకు?" ఖమ్మం సంగతి ఎత్తితే చాలు, మన సాఫ్టువేరు జనాల దగ్గర్నుంచి వచ్చే మొదటి మాట ఇది. మంచిదే, ఎవరు కాదన్నారు? నేనడిగేది వాక్సిన్ గురించి కాదు, దాన్ని వేసిన పద్ధతి గురించి.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. 2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ వాక్సిన్ వేయడం మొదలెట్టాయి. సుమారు 14 వేల మంది పిల్లలు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. గుజరాత్‌లో వడోదర దగ్గర కూడా ఇదే పని జరిగింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకీ వాక్సిన్‌కీ సంబంధం ఉన్నట్టు కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. సరే, ఒప్పుకుందాం.

మరి సమ్మతి పత్రాల సంగతో? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఉంది చూడండి: 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టలు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. వేలిముద్ర వేయడం తప్పేం కాదు, కానీ అందులో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా అన్నది తేలాలి కదా. వార్డెన్ల సంతకాలకైతే ఆ మాత్రం సమర్థన కూడా లేదు. మన పిల్లల స్కూలు వాళ్ళు పిక్నిక్కుకి తీసుకెళ్ళాలన్నా మనచేత సంతకం పెట్టించుకుంటారు. గిరిజన హాస్టల్లో ఉన్న పిల్లకి మాత్రం అమ్మానాన్నల్ని అడగక్కర్లేదన్నమాట!

"ఇది ట్రయల్ కాదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అన్నది వాళ్ళ వాదన. భలే! ప్రొడక్షన్ డేటాబేసు మీద స్క్రిప్టు రన్ చేసేసి "అబ్బే, ఇది పైలటే" అంటే మీ మేనేజరు ఊరుకుంటాడా? స్థాయీ సంఘమూ ఊరుకోలేదు. పైగా దుష్ప్రభావాల్ని కనిపెట్టి చూసే ఏర్పాటు సరిగా లేదని అదే సంఘం తప్పుపట్టింది. లాగింగ్ ఆపేసి "ఎర్రర్లేం రాలేదండీ" అన్నట్టుంది.

అసలు చేయాల్సింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. భద్రాచలం చుట్టుపక్కల కోయ మాట్లాడేవాళ్ళున్నారు. వాళ్ళ భాషలో, ఊళ్ళో నలుగుర్నీ కూర్చోబెట్టి, ఇది ఏ సూదో, ఎందుకో, వద్దనుకుంటే ఏం కాదని చెప్పి, వాళ్ళడిగిన ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులివ్వాలి. ఇంటికెళ్ళి ఆలోచించుకోడానికి నాలుగు రోజులివ్వాలి. టైము పడుతుంది, నిజమే. యూఏటీకి పట్టడం లేదా?

తర్వాత రూల్సు మారాయి. 2013లో పరిహారం నిబంధనలు, 2019లో కొత్త క్లినికల్ ట్రయల్స్ రూల్సు వచ్చాయి. నిస్సహాయుల దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలన్నారు. కానీ అది పూర్తిగా కొత్త మందుల ట్రయల్స్‌కే. అప్పటికే లైసెన్సున్న వాక్సిన్‌తో రేపు ఇంకో "డెమాన్‌స్ట్రేషన్" పెడితే ఆ వీడియో రూలు వర్తించదు.

మనలో చాలామంది ఈ ట్రయల్స్ డేటా సాఫ్టువేరే రాస్తున్నాం. నేను చూసిన ఒక సిస్టంలో సమ్మతి అంటే ఒక్క చెక్‌బాక్సు, అవునా కాదా, అంతే. సంతకం ఎవరిది, ఆ మనిషి పిల్లకి ఏమవుతారు, ఏ భాషలో చెప్పారు, సాక్షి ఎవరు... ఈ నాలుగు కాలమ్స్ పెట్టమని రిక్వైర్‌మెంట్స్ మీటింగులో అడగండి. "స్కోపులో లేదు" అంటారు. అయినా అడగండి.