తుపాకి మార్చితే గురి కుదురుతదా?

ఈసారి పోస్టు జర పొడుగే. బాయికాడ మంచం మీద ఒరిగి నిమ్మళంగ సదువుకోండ్రి.

మొన్న నెమ్మికల్ల చాయ తాగుతుంటే నాకు బామ్మర్ది వరుసయ్యే ఒకాయన పక్కకొచ్చి కూసున్నడు. "బావా, తుపాకి మారుస్తున్న" అన్నడు. వాళ్ల నాయిన నాటి సింగిల్ బ్యారెల్ 12 బోర్ ఉన్నది ఆయనకు, లైసెన్సుతోటి. దాన్ని డీలర్‌కు ఇచ్చేసి .315 రైఫిల్ తెచ్చుకుంటడట. దాని మీద దుర్బిణి బిగిస్తడట. పోయిన యాసంగిల పర్మిషన్ కాయితం వచ్చినప్పుడు రెండు తూటాలు కాలిస్తే రెండూ వట్టిగనే పోయినయ్. "గొట్టం అరిగింది బావా, గురి కుదుర్తలేదు" అని ఆయన బాధ.

ఆయన కోపం నాకు తెలుసు. మా పల్లిచేను పోయినేడు ఒక్క రాత్రిల నాగలి పెట్టి దున్నినట్టు చేసినయ్ పందులు. పొద్దుగాల పోయి చూస్తే కాయ లేదు, చెట్టు లేదు, మట్టి పెళ్లలే. వరి పాలు పోసుకునేటప్పుడు మడిల దిగి బొర్లితే తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. కాలువ నీళ్లొచ్చినంక మన దిక్కు తడి పెరిగింది, కట్టల పొంటి సర్కారు తుమ్మ పెరిగింది, పందికి ఇల్లు కట్టిచ్చినట్టయింది. అందుకే తుపాకి మాట ఎత్తినోన్ని నేను తప్పు పట్టను. కానీ రైఫిల్ వద్దన్న. ఎందుకు వద్దన్ననో చాయ తాగే టైంల పూర్తిగ చెప్పలేకపోయిన, గిప్పుడు రాస్తున్న.

ముందుగాల చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టంల పంట కాపలా కోసం రాసింది మందు కూరి కాల్చే తుపాకి, అంటే మన పెద్దోళ్లు భర్మార్ అనేది. అది సరిపోదని అధికారికి నమ్మకం కుదిరితే గాడులు లేని గొట్టం ఉన్న వేరే తుపాకి ఇయ్యొచ్చు. పంట పేరు మీద రైఫిల్ అన్న మాటే అక్కడ లేదు. ఎందుకు లేదో అని నేను శాన రోజులు అనుకున్న. తెల్లోల్ల కాలం నుంచి రైతుల మీద అనుమానం, అందుకే మంచి తుపాకి ఇయ్యరు అనుకున్న. మన సూర్యాపేట దిక్కు సాయుధ పోరాటంల భర్మార్లు పట్టుకొని కొట్లాడిన కథలు వినుకుంట పెరిగినోళ్లం కదా, గట్లనే అనిపిస్తది. అనుమానం ఉంటే ఉండొచ్చు గానీ, ఇంకో కారణం గూడ ఉన్నది. అది నాకు చేన్ల నిలబడ్డంక సమజైంది.

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటయ్. తూటా బొంగరం లెక్క తిరుక్కుంట పోతది, అందుకే అటు ఇటు పోకుండ సూటిగ పోతది. గురి అంటే గదే. కాకపోతే ఆ సూటిదనమే పందికి తాకనప్పుడు గూడ పనిచేస్తది. 12 బోర్ గుండ్లు నలభై, యాభై గజాలు దాటినంక చెదిరి బలం తగ్గుతది. రైఫిల్ తూటా తప్పిపోతే కిలోమీటరు దాటి పోతది, రాయికి తగిలితే ఏ దిక్కు మళ్లుతదో చెప్పలేం. మన ఊళ్లల్ల కిలోమీటరు లోపల ఏమున్నయ్? ఎవరిదో బాయి, ఎవరిదో కొట్టం, తండా, రాత్రి రెండింటికి మోటర్ ఆన్ చేయనీకి టార్చి పట్టుకొని నడిచే మనిషి. అడివిల వేట వేరు, చేన్ల కాపలా వేరు.

ఈ ముచ్చట నాకు చెప్పింది ఒక షూటర్. మూడేండ్ల కింద అటవీ శాఖ జాబితాల ఉన్న ఒకాయనను పిలిపిచ్చినం. మేము అనుకున్నం, వస్తడు, టపటప నాలుగు పందులను పడగొడ్తడు, పోతడు అని. ఆయన మొదటి రోజు తుపాకి సంచిల నుంచి బయటికే తీయలే. పొద్దుందాక చేన్లన్ని తిరిగిండు. ఏ బాయి ఎవరిది, ఎవరి కరెంటు ఏ టైంకొస్తది, ఎవరు రాత్రి పండుకుంటరు, అన్నీ రాసుకున్నడు. రాత్రి చేన్లకొచ్చే ప్రతి ఒక్కని ఫోన్ నంబర్ అడిగిండు. "ఈ రాత్రి మీరెవ్వరు రావద్దు, వస్తే నాకు ఫోన్ చేసినంకనే గట్టు దిగాలె" అన్నడు. మంచె కట్టిచ్చుకున్నడు. కిందికి కాలిస్తే తూటా భూమిల దిగుతది, అందుకని. రెండో రాత్రి పెద్ద పంది గట్టు మీద నిలబడ్డది, వెన్నెల్ల గొడ్డు లెక్క కనబడ్తున్నది. నేను ఆయన పక్కనే ఉన్న, "కాల్చు సార్" అని గుసగుస పెట్టిన. కాల్చలే. పొద్దుగాల అడిగితే, "దాని వెనుక ఏమున్నది?" అన్నడు. వెనుక ఆకాశం తప్ప ఏం లేదన్న. "గదే. తప్పితే ఆపేది ఏం లేదు" అన్నడు. మూడో రాత్రి మంచె కాడికి ఇరవై అడుగుల దూరం వచ్చినప్పుడు ఒక్కటే కాల్చిండు. ఒక్కటే పడ్డది.

చూడండ్రి, ఆయన గురి తుపాకిల లేదు. దగ్గరికి రానిచ్చుడుల ఉన్నది, వదిలేసుడుల ఉన్నది. 2016ల బీహార్‌ల మొకామాకు నీల్గాయిలను కాల్చనీకి పిలిపిచ్చుకున్నది మన హైదరాబాద్ షూటర్లనే. గసొంటి పనితనం నేర్వనీకి ఏండ్లు పడ్తది. దుర్బిణి బిగిస్తే రాదు. పైగ మామూలు దుర్బిణిల రాత్రి ఏం కనబడదు, చిమ్మచీకటిల చిమ్మచీకటే పెద్దగ కనబడ్తది.

మరి బామ్మర్ది తూటాలు ఎందుకు పోయినయ్? నేను అడిగిన. తూటాలు ఎప్పటియి అంటే, నాయిన ఉన్నప్పుడు కొన్నయట. సందుగుల పడి తేమ పట్టినయి. ఎంత దూరం అంటే, నలభై గజాలు "ఉండొచ్చు" అన్నడు. చీకట్ల దూరం అంచనా సరిగ కుదరదు. ఒక చేత్తోటి టార్చి, ఒక చేత్తోటి తుపాకి పట్టిండు. ఇక గొట్టం ఏం చేస్తది? ఆ తుపాకినే లైసెన్సున్న డీలర్ కాడికి తీస్కపోయి గొట్టం లోపల తుప్పు గుంటలు పడ్డయా, కర్ర వదులైందా చూపిచ్చుకొమ్మన్న. కొత్త తూటాలు కొనుక్కొమ్మన్న. రైఫిల్ ధరల ఇది పదో వంతు గూడ కాదు. రైఫిల్ కావాల్నంటే లైసెన్సుల మళ్ల రాయించుకోవాలె, కలెక్టరాఫీసు, పోలీసు విచారణ అన్నీ మళ్ల మొదలు. అంతా అయినంక ఎలక్షన్ వచ్చిందంటే తీస్కపోయి స్టేషన్ల జమ చేసుడే. పందులకు ఎలక్షన్ కోడ్ ఉండదు.

కొందరు పిల్లలు ఆన్‌లైన్ల ఎయిర్‌గన్‌లు తెప్పిస్తున్నరు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ లోపల బలం ఉంటే లైసెన్స్ అక్కర లేదు, నిజమే. అంటే దానితోటి పందిని కాల్చొచ్చని కాదు. దాని తోలుకు ఆ గుండు తాకినా సావదు, చీము పట్టి తిరుగుతది. దెబ్బ తిన్న పంది పొద్దుగాల కలుపుకు పోయిన ఆడోళ్ల మీదికి వస్తే ఎవరు జవాబు? కరెంటు తీగల సంగతి నేను వేరేగ చెప్పను. పందికి పెట్టిన తీగకు మనిషి పోయిన వార్తలు ప్రతి పంటకు పేపర్ల చూస్తనే ఉన్నం.

2022 సవరణ తర్వాత అడివిపంది రెండో షెడ్యూల్ల ఉన్నది. నిలబడ్డ పంటను పాడుచేస్తే, వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వకంగ పర్మిషన్ ఇయ్యొచ్చు. అదే 2022ల కేరళ వాళ్లు ఆ అధికారాన్ని పంచాయతీ ప్రెసిడెంట్ల చేతికి ఇచ్చిండ్రు. రైతు జిల్లా ఆఫీసు చుట్టు తిరుగుడు తగ్గింది. మనం కొట్లాడాల్సింది గిక్కడ. ఫారం పెట్టినంక ఇన్ని రోజుల్ల షూటర్ రావాలె అని గడువు కావాలె. షూటర్‌కు కూలి, తూటాల ఖర్చు రైతు నెత్తిన పడొద్దు. నష్టపరిహారం పంట కోసేలోపల రావాలె. మేము షూటర్‌ను పిలిపిచ్చిన యేడు కాయితం కదిలేసరికి సగం చేను అయిపోయింది, అందుకే చెప్తున్న.

షూటర్ వచ్చి పోయినా పందులు మళ్ల వస్తయ్, అది గూడ నిజమే. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పల్లిచేను చుట్టు కుసుమ, మక్కచేను చుట్టు ఆముదం సాళ్లు పెట్టమంటరు. కుసుమ ముళ్లకు పంది ముట్టె పెట్టదు. నేను ఈ యేడు రెండెకరాలకు పెట్టిన, ఒక మూలకు మొలక సరిగ రాలే, ఆ మూలకెల్లే దూరినయ్. మిగిలిన మూడు దిక్కుల ముట్టలే.

వచ్చే సోమవారం ప్రజావాణికి పోతున్నం, ఏపూరు దిక్కు నుంచి గూడ కొందరు వస్తరు. పంట పోయినోళ్లు పాసుబుక్కు జిరాక్స్, సర్వే నంబర్, తేదీ కనబడేటట్టు దిగిన ఫోటోలు తెచ్చుకోండ్రి. బామ్మర్ది గూడ వస్తనన్నడు. రైఫిల్ సంగతి మాత్రం ఇంక తేల్చలే.